కొమ్ములున్నవాళ్ల సభ

1987 మే 9, శనివారం. పొద్దున్నే వడగాలి మొదలైంది. ఆకాశంలో మబ్బు తునక కూడా లేదు. నల్లగుండం అడవిలో ఆకులు రాలిన టేకు చెట్ల మధ్య కణుజుల మంద సభకు కూడింది. ఆ అడవిలో కొండముచ్చులు, అడవిపందులు, ముళ్లపందులు కూడా ఉండేవి. సభలు పెట్టుకునే అలవాటు మాత్రం కణుజులకే ఉండేది.

కణుజు అంటే దుప్పి జాతిలో పెద్దది. వాటిలో మగవాటికే కొమ్ములుంటాయి. అవి ఆవు కొమ్ముల్లా కలకాలం ఉండవు. ఏటా ఎండాకాలంలో ఊడి, వానలకు మళ్లీ మొలుస్తాయి. ఊడినవాటిని ముళ్లపందులు కొరుక్కు తింటాయి.

మందకు పెద్ద గండరాయుడు. సభలో కొమ్ములున్నవాళ్లే మాట్లాడాలని అతని తాతలనాటి కట్టుబాటు. ఆడవాళ్లూ పిల్లలూ వెనక నిలబడి వినాలి.

ఆ ఏడు మంద నీళ్లు తాగే మడుగు ఎండి అడుగున బురద మిగిలింది. పాలు తాగే పసికూనలు నిలబడలేక పడిపోతున్నాయి. నీళ్లకు ఎటు పోవాలన్నదే ఆనాటి విషయం. మిగతా మగవాటి కొమ్ములు అప్పటికే ఊడిపోయాయి, ఒక్క గండరాయుడికే ఉన్నాయి. కాబట్టి మాట్లాడిందీ అతనే, ఒప్పుకున్నదీ అతనే. కనుమ దాటి పెద్ద చెరువుకు పోవాలన్న తీర్మానం ఏకగ్రీవమైంది. అతని మేనల్లుడు వంతరాజు తల ఊపాడు. తల ఊపడానికి కొమ్ములు అక్కర్లేదు.

ఏడాది వయసున్న తంగేడు అనే ఆడపిల్ల ముందుకు వచ్చింది. అల్లరి చేస్తున్నారని సభ నుంచి తరిమేసినప్పుడల్లా ఆమె, ఆమె జతగాళ్లూ వాగు వెంట తిరిగేవారు. కనుమలో గుంపుగా వేటాడే రేచుకుక్కలు దిగాయని కొండముచ్చులు వాళ్లకు చెప్పాయి. వాగు మలుపులో ఏరుమద్ది చెట్ల కింద ఇసుక గిట్టకు చల్లగా తగిలింది. కనుమలో రేచుకుక్కలున్నాయనీ, వాగు ఇసుక తడిగా ఉంది కాబట్టి అక్కడ తవ్వితే చెలమ ఊరుతుందనీ ఆమె సభకు చెప్పింది.

“కొమ్ములు మొలిచాక మాట్లాడు, పిల్లా,” అన్నాడు గండరాయుడు.

“నేను ఆడదాన్ని, పెద్దయ్యా. నాకు ఎప్పటికీ మొలవవు.”

“అయితే ఎప్పటికీ మాట్లాడకు.”

అంటూ అతను తల విసిరాడు. ఒక కొమ్ము టేకు మానుకు తగిలి ఊడింది. ఆ అదురుకు రెండోదీ పడింది.

కట్టుబాటు ప్రకారం ఇక నోరు విప్పే హక్కు ఎవరికీ లేదు. సభ ముగిసిందని చెప్పే హక్కు కూడా లేదు.

“ఇప్పుడు మీకూ లేవు, నాకూ లేవు,” అంది తంగేడు. “పసివాళ్లకు దాహంగా ఉంది. ఎవరు మాట్లాడాలి?”

“ఇందాకటి దాకా నాకు ఉన్నాయి.”

“ఇసుక ఇప్పటికీ తడిగా ఉంది, పెద్దయ్యా.”

ఒక ముసలి తల్లి వెనక వరస నుంచి కదిలి వాగువైపు నడిచింది. మంద ఆమె వెంట నడిచింది. చోటు పిల్లలు చూపించారు. తవ్వే బలం పెద్దల గిట్టల్లో ఉంది. మధ్యాహ్నానికి చెలమ ఊరింది. పసికూనలు ముందు తాగాయి.

గండరాయుడు మాత్రం తానన్న మాట వెనక్కి తీసుకోలేక కనుమకే వెళ్లాడు. వంతరాజు కొంత దూరం పోయి, కాలు బెణికిందని ఆగిపోయాడు. ఒంటరిగా దొరికిన గండరాయుణ్ణి రేచుకుక్కలు చుట్టుముట్టాయి. అతను తిరిగి రాలేదు.

అతనికి పిల్లలు లేరు. అతను పడుకునే నీడ చోటు పసికూనల తల్లులకు వచ్చింది. ఏటా నీళ్లు వెతికే పెత్తనం తంగేడుకూ ఆమె జతగాళ్లకూ వచ్చింది. సభలో మాట్లాడే హక్కు అందరికీ వచ్చింది. మేనల్లుణ్ణి కాబట్టి పెద్దరికం తనదే అనుకున్న వంతరాజుకు ఏమీ రాలేదు.

నీతి: నిర్ణయం ఎవరి బతుకును తాకుతుందో, వాళ్లు ఎంత చిన్నవాళ్లయినా, ఆ నిర్ణయంలో వాళ్లకు మాట ఉండాలి.