రేవులో బండి తగువు

పేరెందుకులెండి, ఒక రాజ్యంలో ఒక ఓడరేవు. దాని అధికారి భుజంగరాయుడు. తలకాయ కంటే తలపాగా పెద్దది. ఓడెక్కేవాళ్ళు ఎడ్లబండ్లని ఆయన దొడ్లోనే వదలాలి. తిరిగొచ్చేసరికి దొడ్డికి కట్టాల్సిన అద్దె, బండి ఖరీదుని మించేది. మొరపెట్టుకుంటే, “బండిని నెత్తినెట్టుకుని ఓడెక్కండి” అని వెటకారం ఒకటి.

గాజులమ్ముకునే గవరమ్మ, ఆమె మొగుడు సింహాద్రి దీవిలో చుట్టాలింట పెళ్ళికి బయల్దేరారు. రేవులో బండి దిగుతూనే గవరమ్మ మొగుడి కండువా పట్టుకుంది.

“ఈ బండి నాది!”

“నీదేంటే? నాది!” అని సింహాద్రీ అరిచాడు.

జనం మూగారు. భుజంగరాయుడికి తీర్పులు చెప్పడమంటే తగని సరదా. మీసం దువ్వుకున్నాడు.

“తగువులో ఉన్న సొత్తు రాజుగారి స్వాధీనంలో ఉండాలి. అది మన ఆనవాయితీ. తగువు తేలేదాకా ఈ బండి మీ ఇద్దరిదీ కాదు. ఎడ్లకి మేత కూడా మేమే వేస్తాం. బాగా ఆలోచించి పౌర్ణమికి తీర్పు చెబుతాను.”

“అలాగే బాబూ,” అని ఇద్దరూ చక్కా ఓడెక్కేశారు.

పెళ్ళి భోజనాలు చేసి తిరిగొచ్చారు. “రాజీపడ్డాం బాబూ, బండి ఇప్పించండి,” అంది గవరమ్మ. ఎడ్లు బలిసి నిగనిగలాడుతున్నాయి.

“మరి అద్దో?” అని గర్జించాడు భుజంగరాయుడు.

“బండి మాది కాదని నలుగురిలో తమరే అన్నారు. మాది కాని బండికి మేం అద్దె కట్టడమేంటి? అన్నాళ్ళూ రాజుగారి స్వాధీనంలో ఉంది కదా, ఆయన్నే అడగండి.”

రాజుని అడిగే దమ్ము ఆ తలపాగాకి లేదు.

మర్నాడు ఓడ వేళకి రేవంతా మొగుడూపెళ్ళాల కొట్లాటలే. ప్రతి జంట పక్కనా ఒక బండి!