కూత పెట్టని పలక

అనగనగా కొండల కింద, గెడ్డ ఒడ్డున ఒక అడవి. గెడ్డంటే తెలుసుగా పిల్లలూ, కొండ మీంచి దిగే వాగు. పైన వాన పడితే చాలు, కింద ఎండ కాస్తుండగానే నీళ్లు మీద పడేవి. అందుకని జంతువులన్నీ కలిసి, నీళ్లు పెరగగానే కూత పెట్టే యంత్రం చేసుకుందామనుకున్నాయి.

ఏ తీగ ఏ భాగానికి కలవాలో బొమ్మ గీసేది గిజిగాడు పైడయ్య. ఆ బొమ్మ చూసి పలక మీద రాగి గీతలు పరిచేది సాలీడు నూకాలు. వాటి మీద భాగాలు పెట్టి, టంకం కరిగించి అతికించేది ముంగిస సూరమ్మ.

"మా విద్య దాచుకోం. ఎవరైనా ఊరికే వాడుకోవచ్చు" అనేవారు పైడయ్యా, నూకాలూ. అడవంతా మెచ్చుకుంది.

కానీ ఒక చిక్కు ఉంది. ఒక్కో భాగానికి తీగలు కలిపే కాళ్లు ఎనిమిది. పైడయ్య వాటిని ఎడమ నుంచి లెక్కపెట్టేవాడు. నూకాలేమో కుడి నుంచి. ఆయన ఒకటో కాలంటే ఆవిడకి అది ఎనిమిదోది!

మొదటి పలకకి సూరమ్మ బ్యాటరీ తగిలించింది. బుస్సుమని పొగ వచ్చింది.

రెండో పలక చేసేలోపు పైడయ్య బొమ్మలో ఒక తీగ మార్చాడు. నూకాలుకి చెప్పనేలేదు. ఆ పలక కిక్కురుమనలేదు.

సూరమ్మకి ఒళ్లు మండింది. పైడయ్య గూటి కిందకెళ్లి అడిగింది.

"పైడయ్య బావా, ఏ కాలు దేనికి కలవాలో మీరిద్దరూ కలిసి ఒక జాబితా రాయండి. నువ్వూ చదవాలి, నూకాలు వదినా చదవాలి. మార్పు చేస్తే అందులోనే చెయ్యండి."

"నేనెందుకు రాయాలి? నా పద్ధతే ముందొచ్చింది. ఆవిణ్ణే మారమను" అన్నాడు పైడయ్య.

పక్క కొమ్మ మీదున్న నూకాలు గూడు దిగనైనా లేదు. "ఊరికే ఇస్తున్నాం కదా సూరమ్మా! నచ్చకపోతే వాడకు" అంది.

ఇంక చేసేదేముంది? నూట ఇరవై కలయికలనీ సూరమ్మే ఒక్కొక్కటి తిప్పి రాసుకుంది. రాసి రాసి కళ్లు మసకబారాయి. మూడో పలక తయారైంది. మీట నొక్కితే కూత పెట్టింది. అందరూ గంతులేశారు. నీళ్లు తగలాల్సిన తీగ మాత్రం తప్పు కాలికి కలిసింది. అది ఎవరికీ తెలియలేదు.

నాలుగో రోజు మధ్యాహ్నం గెడ్డ పొంగింది. యంత్రం మూగదానిలా కూర్చుంది. కుందేలు సింగారి పరుగెత్తి బొరియ చేరేసరికే నీళ్లు నిండాయి. నలుగురు పిల్లల్లో ముగ్గురే దొరికారు.

"నా బొమ్మలో తప్పు లేదు" అన్నాడు పైడయ్య.

"నా పలకలోనూ లేదు" అంది నూకాలు.

"మరి పిల్ల ఎలా పోయింది?" అని అరిచింది సూరమ్మ. "నీళ్లలో ముంచి చూడకపోవడం నా తప్పు. ఒప్పుకుంటున్నాను. మీ ఇద్దరి మధ్య ఒక్క జాబితా లేకపోవడం ఎవరి తప్పు? తలుపులు తెరిచి పెట్టామని గొప్పలు చెప్పుకున్నారు. ఆ ఇంట్లోంచి ఈ ఇంట్లోకి రావడానికి దారి మాత్రం వెయ్యలేదు, మధ్యలో గొయ్యి వదిలేశారు. ఆ గోతిలో పడింది మీరు కాదు, ఆ పసిది!"



ఆ సాయంత్రమే పైడయ్య నూకాలు గూటికి వెళ్లాడు. రెండు రోజులు కూర్చుని కాళ్లకి లెక్కలు మానేసి పేర్లు పెట్టారు. ఇద్దరూ చదవగలిగే జాబితా రాశారు. సూరమ్మ కొత్త పలకని నీళ్లలో ముంచి మరీ చూసింది.

మళ్లీ గెడ్డ పొంగినప్పుడు కూత అడవంతా మోగింది. అందరూ గట్టెక్కారు. సింగారి కూడా ముగ్గురు పిల్లలతో గట్టెక్కింది. పైడయ్య, నూకాలు పలకరించబోతే ముఖం తిప్పుకుంది. ఈ రోజుకీ వాళ్లతో మాట్లాడదు.

నీతి: మన పని అందరికీ ఊరికే ఇస్తే సరిపోదు, అది పక్కవాడి పనితో కలిసేలా చూడటం కూడా మన బాధ్యతే.