బొల్లి ఎక్కని బాట

అనగనగా ఒక అడవి. ఆ అడవి నడుమ నిటారుగా ఒక కొండ, కొండ నెత్తిన పాలబండ కోట. ఆ కాలమే వేరు నాన్నా. అప్పట్లో మేకలు మాట్లాడేవి, రాజులకు వినే తీరిక ఉండేది.

ఆ కోటకు రాజు కాచభూపతి. పెద్ద రాజ్యమేమీ కాదు. ఆ కొండ, దాని కింద నాలుగు ఊళ్ళు, అంతే. కానీ ఆయనకో అలవాటు ఉండేది. పొద్దు వాలగానే కొమ్ము ఊదించి, కోట వాకిట తానే నిలబడేవాడు. మేతకు వెళ్ళిన మంద మొత్తం లోపలికి వచ్చేదాకా తలుపు వేయనిచ్చేవాడు కాదు.

"పొద్దున నా వాకిలి దాటినవాళ్ళు మాపటికి నా వాకిట్లోకే రావాలి" అనేవాడు.

అందరూ వచ్చినా బొల్లి అనే మేక వచ్చేది కాదు. దానికి వెనక లోయలో గడ్డంటే ప్రాణం. రాజు మెడ చాచి దారి వంక చూస్తూ ఉండేవాడు. ఇంతలో ఆయన వెనకనుంచి "నేనెప్పుడో వచ్చేశాను దొరా" అని వినపడేది.

"ఎట్లా వచ్చావే?" అనేవాడు రాజు నవ్వుతూ.

"మేకలం కదా దొరా" అనేది బొల్లి.

అసలు సంగతి ఏమిటంటే, లోయలోంచి కోటలోకి నిటారు బండ మీదుగా ఒక బాట ఉంది. గిట్ట పట్టేంత సందు, అంతకన్నా వెడల్పు లేదు. బొల్లికి దాన్ని వాళ్ళమ్మ చూపించింది. "ఇంటి గుట్టు లంకకు చేటు. ఎవరికీ చెప్పకు" అని కూడా చెప్పింది.

ఒకనాడు మిట్టమధ్యాహ్నం అడవిలో దుమ్ము లేచింది. పొరుగు రాజు దండు వచ్చిపడింది. మంద పరుగున లోపలికి వచ్చింది. కాచభూపతి అలవాటు కొద్దీ వెనక్కి తిరిగి చూశాడు. బొల్లి లేదు.

"ఒక్క మేక కోసం కోటను పోగొట్టుకుంటామా దొరా?" అన్నాడు కోట తలారి.

రాజు ఇంకోసారి దారి వంక చూశాడు. తర్వాత తలుపు వేయమన్నాడు.

లోయలో మేస్తున్న బొల్లిని దండువాళ్ళు తాడేసి పట్టుకున్నారు. కోసుకు తిందామనుకున్నారు. కానీ దండులో బరువులు మోసే ఒక కంచరగాడిద ఉంది. అది మహా గడుసుది.

"ఆగండి. ఆ నిటారు బండ మీద మేక పెంటికలు కనిపిస్తున్నాయి. పైకి బాట ఉంది. మొదలెక్కడో దీనికి తెలుసు" అంది.

మొదటి రోజు గాడిద ఉడికించిన ఉలవలు తెచ్చింది. "తిను అక్కా. బాట ఎక్కడుందో చెప్పు" అంది.

బొల్లి ఉలవలు శుభ్రంగా తినేసింది. మూతి నాక్కుని, "నాకే బాటా తెలీదు" అంది.

రెండో రోజు గాడిద ఉలవలేమీ తేకుండా, తేనె పూసిన మాటలతో వచ్చింది. "నువ్వు బయట ఉన్నావని తెలిసే మీ రాజు తలుపు వేయించాడట. నీ ప్రాణం ఆయనకు పూచికపుల్ల. అలాంటివాడి గుట్టు నీకెందుకు అక్కా?"

ఆ మాట బొల్లికి నాటుకుంది. రోజూ తనకోసం మెడ చాచి చూసిన మనిషి ఇట్లా చేశాడా? ఆ రోజంతా గడ్డి ముట్టలేదు. అయినా నోరు విప్పలేదు.

మూడో రోజు సాయంత్రం గాడిద వచ్చి తాడు విప్పించింది. "పో అక్కా, నీ ఇంటికి నువ్వు పో" అంది.

బొల్లి నమ్మలేకపోయింది. పైన కోటలో వదిలొచ్చిన తన పాలుతాగే పిల్ల అరుపు వినిపిస్తోంది. మూడు రోజుల పాలతో పొదుగు సలుపుతోంది. బండ వైపు ఉరికింది. పది అంగల్లో బాట మొదలు.

అప్పుడు దానికి తట్టింది. ఈ గాడిద ఇవాళ ఏమీ అడగలేదేం? వెనక్కి చూస్తే పొదల్లో తలపాగాలు కనపడ్డాయి. తను ఇంటికి పోతే చాలు, వాళ్ళకు దారి తెలిసిపోతుంది.

పిల్ల మళ్ళీ అరిచింది. బొల్లికి ఏడుపొచ్చింది. ఏడుస్తూనే బండకు వీపు తిప్పి, కొండ చుట్టూ తిరిగి, కోట ముందు బండ్ల దారి పట్టింది.

"అటు కాదు అక్కా" అని అరిచింది గాడిద.

వెనకనుంచి ఒక బాణం వచ్చి తొడలో దిగింది. బొల్లి కుంటుకుంటూ మూసిన వాకిటి దగ్గరకు చేరి, అక్కడే పడిపోయి అరిచింది.

లోపల తలారి, "మోసమేమో దొరా, తీయొద్దు" అన్నాడు.

"మొన్న నీ మాట విన్నాను. అప్పటినుంచి నాకు అన్నం సయించడం లేదు" అన్నాడు కాచభూపతి. పెద్ద తలుపులోని దిడ్డివాకిలి తానే తెరిచి, వంగి బయటికి వచ్చి, బొల్లిని భుజాన వేసుకుని లోపలికి తెచ్చాడు.

బొల్లి పిల్లకు పాలిచ్చి, అంతా చెప్పింది. రాజు తల దించుకుని విన్నాడు.

"తలుపు వేయమన్నది నేనే బొల్లమ్మా. నా మీద కోపం రాలేదా?"

"వచ్చింది దొరా. ఇంకా ఉంది. కానీ ఇల్లు నాది కూడా కదా."

"ఆ బాట మూయకపోతే కోట నిలవదు. మీ అమ్మ చూపిన బాట. నువ్వు సరేనంటేనే మూయిస్తాను" అన్నాడు రాజు.

బొల్లి చాలాసేపు లోయ వైపు చూసింది. "మూయించండి దొరా" అంది.

బాటను పైనుంచి రాళ్ళతో పూడ్చేశారు. దండు నెల రోజులు బండను తడిమింది. వానలు పట్టాయి, జ్వరాలు పట్టాయి. వచ్చిన దారినే పోయింది.

బొల్లి కాలు మళ్ళీ సరికాలేదు. సాయంత్రాలు కోటగోడ మీద కూర్చుని "ఎంత బాగుండేదో ఆ గడ్డి" అనేది. ఒకరోజు రాజు తానే వెళ్ళి లోయ గడ్డి కోసుకొచ్చాడు. బొల్లి నాలుగు పరకలు నమిలి, "బాగుంది దొరా" అంది. కానీ అమ్మ వెనకాల బండ ఎక్కుతూ తిన్న ఆ రుచి రాలేదు. ఆ మాట మాత్రం రాజుకు చెప్పలేదు.

నీతి: మనవాళ్ళ మీద ఎంత కోపమున్నా మన ఇంటి దారి పగవాడికి చూపకూడదు. తప్పు చేసిన పెద్దవాడు తానే లేచి వచ్చి తలుపు తీయాలి.