మేకమ్మ మోకాళ్లు కొలిచిన కొండ

అనగనగా ఏడు సముద్రాలకి ఇవతల ఒక రాజు. ఆ రాజుకి ముగ్గురు కొడుకులు. మూడోవాడు మణికేతుడికీ, మేనత్త కూతురు హంసమాలకీ పెళ్లనుకున్నారు.

ఇంతలో నిప్పుకళ్ల మాంత్రికుడొకడు హంసమాలని ఏడు సముద్రాల అవతలికి ఎత్తుకుపోయాడు. ఆ పిల్ల ఒక పావురంతో కబురంపింది: "బావా, వచ్చే పున్నమికి వీడు నన్ను పెళ్లాడతాడట. ఇక్కడ అన్నిటికన్నా పెద్దది ఏనుగుకొండ, దాని మీదే వీడి కోట. దాని తరవాత పెద్దకొండ మీద ఒక చిలక ఉంది. వీడి ప్రాణం అందులోనే. పొరపాటున వేరే శిఖరం మీద కాలు పెడితే రాయైపోతారు, జాగ్రత్త!"

పెద్దవాడు వెళ్లాడు. ఏడు సముద్రాలు దాటాడు. ఏనుగుకొండ పక్కనే మబ్బుల్ని గుచ్చే శిఖరం చూసి, "ఇదే!" అని ఎక్కాడు. రాయైపోయాడు.

రెండోవాడు వెళ్లాడు. ఏడు సముద్రాలు దాటాడు. "అన్నయ్య ఉత్త కంటితో చూసి మోసపోయాడు, నేను కొలుస్తాను" అని కొండల నీడలన్నీ తాడుతో కొలిచాడు. కొలిచి కొలిచి ఆ శిఖరమే ఎక్కాడు. రాయైపోయాడు.

మూడోవాడు మణికేతుడు వెళ్లాడు. ఏడు సముద్రాలు దాటాడు. ఆ శిఖరం మీద రెండు రాళ్లు చూసి బావురుమన్నాడు. రేపే పున్నమి. పక్కన ఒక ముసలి మేక మోకాళ్ల నొప్పితో మూలుగుతుంటే, ఏడుస్తూనే దాని కాళ్లు ఒత్తాడు.

"ఎందుకు నాయనా ఏడుస్తావు?" అంది మేక.

"మేకమ్మా, ఏనుగుకొండ తరవాత ఎత్తైంది అదే కదా? మరి మా అన్నలు రాళ్లెందుకయ్యారు?"

మేక పకపకా నవ్వింది. "ఓరి పిచ్చినాన్నా, అదీ ఒక కొండేనా! అక్కణ్ణించి పాతికడుగులు దిగి మళ్లీ ఎక్కితే ఏనుగుకొండే. అది ఏనుగుకొండ భుజంరా. నాన్న భుజమెక్కిన బుడ్డోడు ఊళ్లో అందరికన్నా నేనే పొడుగంటే నమ్ముతావా?"

"మరి కొండనెలా కొలవాలి?"

"నా మోకాళ్లనడుగు. ఒక కొండ మీంచి ఇంకా ఎత్తైన కొండకి పోవాలంటే ఎంత కిందికి దిగాలో, అదీ దాని పెద్దరికం. అదిగో, ఆ బోడిగుండు కొండ చూడు. పొట్టిదే. కానీ దాని మీంచి ఇటు రావాలంటే ఏటి ఒడ్డుదాకా దిగాల్సిందే. దిగేసరికి నా ప్రాణం తోకలోకొస్తుంది! ఏనుగుకొండ తరవాత పెద్దది అదేరా!"

మణికేతుడు ఏరు దాటాడు. బోడిగుండు ఎక్కాడు. కళ్లు మూసుకుని శిఖరం మీద కాలు పెట్టాడు. కాలు కాలులాగే ఉంది!

ఎదురుగా పంజరంలో చిలక. "నన్ను చంపుతావా, రాజకుమారా?" అంది.

"చంపను గానీ, నువ్వు ఎగిరి ఎన్నాళ్లైందే?"

"ఒక్కసారీ ఎగరలేదు. నేనెగిరితే తన ప్రాణం గాలిలో కలిసిపోతుందని వాడి భయం."

మణికేతుడు పంజరం తలుపు తీశాడు. చిలక తుర్రుమంది. అక్కడ కోటలో మాంత్రికుడు దబ్బున కూలాడు. ఏనుగుకొండ భుజం మీద రాళ్లు రెండూ అన్నలై ఒళ్లు విరుచుకున్నారు.

"అదేంట్రా, మేమెక్కిందే ఎత్తు కదా!" అని అరిచారు శిఖరం మీంచి.

పరుగున వచ్చిన హంసమాల నవ్వింది. "బావగార్లూ, ముందు దిగండి, వాదన తరవాత!"

అంగరంగ వైభోగంగా పెళ్లైంది. మేకమ్మ నడవలేదని పెద్దన్న దాన్ని భుజాన కూచోబెట్టుకుని పందిట్లోకి తెచ్చాడు.

"ఇప్పుడు ఇక్కడ పొడుగెవరు, మేకమ్మా?" అన్నాడు మణికేతుడు.

"ఇంకెవరు, నేనే!" అంది మేక, గడ్డం ఊపుతూ.

మణికేతుడూ హంసమాలా చల్లగా నూరేళ్లు రాజ్యమేలారు. కథ కొండ దిగింది, మనం అన్నాలకి లేద్దాం పదండి.