జోగమ్మ డ్రమ్ము

శబరి నది వరద తీసి తొమ్మిది రోజులైంది. ఫణీంద్రను చూస్తే చాలు, ఊళ్లో తలుపులు మూసుకుంటున్నాయి.

వరదలకూ దోమల జ్వరాలకూ ఉన్న సంబంధం మీద అతను మూడేళ్లుగా పరిశోధన చేస్తున్నాడు. నీరు ఏ గడప దాకా వస్తుందో, ఎన్నాళ్లకు ఏ వీధిలో జ్వరం తలెత్తుతుందో పటం గీశాడు. కిందటేడు వరద తీసిన ఇరవయ్యో రోజున జ్వరాలు మొదలై ఇద్దరు పిల్లలు పోయారు. ఈసారి ఆ రోజు రాకముందే ఇంటింటా నిలవనీళ్లు చూడాలి, డ్రమ్ములు తోమించాలి. అందుకే తన గురువు కృపానందం మాస్టారితో కలిసి బడి గదిలో మకాం పెట్టాడు. మాస్టారు జీవితమంతా దోమల వెంట తిరిగిన మనిషి.

వచ్చిన రోజే పొరపాటు జరిగింది. సోడె జోగమ్మ అనే ముసలామె డ్రమ్ములో దోమపిల్లలు కనిపించాయి. నలుగురూ చూసి నేర్చుకుంటారని, ఫణీంద్ర ఆ నీళ్లన్నీ వాకిట్లో ఒంపేశాడు. అవి మట్టిలో ఇంకేదాకా ఆమె చూస్తూ నిలబడింది. మర్నాటికి ఊరంతా డ్రమ్ములు లోపలికి లాక్కుంది.

“ఎంత చెప్పినా వీళ్లకి ఎక్కడం లేదు మాస్టారూ. ఇక పదకొండు రోజులే ఉన్నాయి. పటం చూపిస్తానన్నా ఎవరూ రావడం లేదు.”

మాస్టారు పటాన్ని చాలాసేపు చూశారు.

“బాగా గీశావు. వీళ్లు తాగే నీళ్లు ఎక్కడివి?”

“మూడు బోరింగులున్నాయి కదండీ.”

“రెండింట్లో బురద దిగింది. మూడోది ఎక్కడుంది?”

ఫణీంద్ర వేలు పటం మీద అటూ ఇటూ తిరిగి ఆగిపోయింది.

మాస్టారు లేచి, మూలనున్న రెండు బిందెలు తెచ్చి అతని ముందు పెట్టారు.

“జోగమ్మ డ్రమ్ము నింపి రా.”

మూడో బోరింగు వాగుకు అవతల, గుట్ట మీద ఉంది. దారి పొడవునా పిక్కల్లోతు బురద. అతన్ని చూడగానే బోరింగు దగ్గర ఆడవాళ్లు మాటలు ఆపి, ఒకరినొకరు చూసుకున్నారు.

“ఏం సారూ, ఇయ్యాల ఎవరి ముంగిట ఒంపుతవ్?”

“ఊకోవే. గుట్ట దిగినంక సారు చుక్క గూడ ఒంపడు.”

మూడో తడవ వాగు ఒడ్డున కాలు జారింది. బిందెలు రెండూ బోర్లాపడ్డాయి. బురదలో కలిసిపోతున్న ఆ నీళ్లను చూస్తూ ఫణీంద్ర నిలబడ్డాడు. తిరిగి గుట్ట ఎక్కాడు.

పొద్దు వాలేవేళకు డ్రమ్ము నిండింది. జోగమ్మ నీళ్లలో వేళ్లు ముంచి చూసుకుంది. లోపలికి వెళ్లి పాత నూలుచీర ముక్క తెచ్చింది.

“ఆ కొస పట్టు బిడ్డా.”

ఇద్దరూ కలిసి డ్రమ్ము మూతికి గుడ్డ బిగించి కట్టారు.

“ఇట్ల కడితే పురుగు పడదా?”

“పడదు అవ్వా. కానీ వారానికోసారి ఒంపి, తోమి...” అంటూ ఆగిపోయాడు.

“మళ్ల గుట్ట ఎక్కాలె. అంతేగా?”

“ఒంపే రోజు నన్ను పిలువు అవ్వా. నేను తెస్తా.”

ముసలామె మొదటిసారి నవ్వింది. “నలభై ఇండ్లున్నయి బిడ్డా. ఎందరికి తెస్తవ్?”

అతను వంగి ఖాళీ బిందెలు రెండూ ఎత్తుకున్నాడు.

మర్నాడు తెల్లవారి మాస్టారు లేచేసరికి పటం బల్ల మీద పరిచి ఉంది. గుట్ట మీది బోరింగు నుంచి ఊరి దాకా, వాగును దాటుతూ, పెన్సిలుతో ఒక కొత్త గీత ఉంది. మూలన బిందెలు లేవు.