సింహాలమ్మ ఒంట్లో ఇనుముకి పడ్డ తాళం

గూనిపాడులో అప్పలకొండ ఇంటివాళ్ళకున్నంత తెలివి భూప్రపంచంలో ఎవరికీ లేదు. నేను చెప్పడం కాదు, వాళ్ళే చెప్పేవారు. పడుకుంటే తెలివి చెవుల్లోంచి కారిపోతుందని అప్పలకొండ, అతని పెళ్ళాం పోలమ్మ, తమ్ముడు ముత్యాలు ముగ్గురూ చెవుల్లో దూది కుక్కుకునేవారు. ఏటా ఒక పత్తిచేను ఆ చెవులకే సరిపోయేది.

అన్నదమ్ముల తల్లి సింహాలమ్మ. డెబ్భై దాటిన మనిషి. మోకాళ్ళు ఏళ్ళ తరబడి వాచిపోయి గుమ్మడికాయల్లా ఉండేవి. ఆ ఏడు నీరసం కూడా పట్టుకుంది. వాకిట్లోకి వెళ్ళొస్తే ఆయాసం. ఎంత పాలిపోయిందంటే, సున్నం కొట్టిన గోడకి చేరగిలబడి కూచుంటే మనిషి కనబడక, చీర ఆరిందనుకుని పోలమ్మ మడతపెట్టబోయింది.

"రక్తం తగ్గిందంటే ఇనుము తగ్గినట్టే," అన్నాడు అప్పలకొండ, ఎక్కడో విని. అంతే, గునపం కడిగి చారులో వేసి పొద్దుటినుంచి సాయంత్రం దాకా మరగబెట్టారు. సింహాలమ్మ తాగి పెదవి విరిచింది.

"గునపం ఇంకా ఉడకలేదే పోలీ. తొందరపడి దించేశావు."

చారు పని చెయ్యలేదు. అమ్మ దక్కదేమోనని ముత్యాలు వెక్కి వెక్కి ఏడ్చాడు. వీధిలో నీళ్ళు నిలిచాయి. ఆఖరికి మంచంతో సహా ఆస్పత్రికి మోసుకుపోయారు.

డాక్టరమ్మ రక్తం పరీక్ష చేయించి విడమరిచి చెప్పింది. "ఇనుము లేక కాదయ్యా, ఒంట్లో ఉంది. ఈ మోకాళ్ళ వాపు ఎన్నాళ్ళనుంచో లోపల రగులుతోంది. ఒళ్ళు దాన్ని చూసి శత్రువు వచ్చాడనుకుంటుంది. వాడి చేతికి చిక్కకూడదని ఇనుమంతా కొట్లో పెట్టి తాళం వేసుకుంది. ఇక రక్తం దేంతో తయారవుతుంది? బయటనుంచి ఎంత పోసినా సరిగ్గా లోపలికి రానివ్వదు. పెద్దవయసులో ఇలా చాలామందికి అవుతుంది. ఈ మందు రోజూ వేస్తే వాపు తగ్గుతుంది. వాపు వెళ్ళిపోతే తాళం ఒళ్ళే తీసేస్తుంది. ఊరికే వదిలేశారో, ఆవిడ మంచం దిగదు."

ఇంకేముంది, ఊళ్ళో ఉన్న తాళంచెవులన్నీ ఇంటికొచ్చాయి. కరణంగారి బీరువాది, పాలకేంద్రానిది, ఎవరిదో సైకిలుది కూడా.

"తాళంకప్ప ఎక్కడుందమ్మా?" అని అడిగాడు ముత్యాలు.

"నాకేం తెలుసురా. వేసుకున్నప్పుడు నిద్రలో ఉన్నానేమో."

"ఒంటి మీద తాళంచెవి పట్టే చోటు బొడ్డు ఒక్కటే కదా," అంది పోలమ్మ.

నిజమే అనుకున్నారు. కొబ్బరినూనె పోసి ఒక్కో తాళంచెవీ పెట్టి తిప్పారు. సింహాలమ్మ కితకితలకి నవ్వింది. పాలకేంద్రం తాళంచెవికి మరీ నవ్వింది.

"లోపల ఏదో కదిలింది," అన్నాడు అప్పలకొండ. కదిలింది గాని తెరుచుకోలేదు.

"తెరుచుకోదు బావా," అంది పోలమ్మ. "వాపు వెళ్ళిపోయాకే అంది కదా డాక్టరమ్మ. అది వెళ్ళడం ఒంటికి కనబడాలి."

అంతే, అప్పలకొండ వాపు అయ్యాడు. రేకుపెట్టె నెత్తిన పెట్టుకుని తల్లి మోకాళ్ళ ముందు నిలబడి, "వెళ్ళొస్తానమ్మా," అన్నాడు.

"వచ్చేదెందుకు?" అని కసిరాడు ముత్యాలు. "వెళ్తున్నానని చెప్పు చాలు."

"వెళ్తున్నాను," అని చెప్పి నిజంగానే బస్సెక్కాడు. కండక్టరు ఎక్కడికని అడిగాడు.

"మా అమ్మ ఒంట్లోకి తప్ప ఎక్కడికైనా. నేను ఆవిడ మోకాళ్ళ వాపుని."

"వాపైనా టిక్కెట్టు ఫుల్లే," అన్నాడు కండక్టరు.

ఇంత హడావిడిలో మందు సంగతి ఎవరికీ గుర్తులేదు. మంచినీళ్ళ చెంబు పక్కనే ఉంది గనక సింహాలమ్మే రోజూ వేసుకునేది. కొన్నాళ్ళకి మోకాళ్ళు చిక్కాయి. ఆయాసం తగ్గింది. ఒకరోజు లేచి తనే పొయ్యి దగ్గరికి వెళ్ళి, చారులోంచి గునపం తీసి అవతల పెట్టింది.

"అన్నయ్య బస్సెక్కబట్టి కదా," అని మురిసిపోయాడు ముత్యాలు. అదే పూట అప్పలకొండ తిరిగొచ్చాడు. ఇంకేముంది, ముత్యాలు రోకలి పట్టుకుని గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు.

"వాపు మళ్ళీ వచ్చింది వదినా, తలుపెయ్యి."

"నేనురా, మీ అన్నని."

"వెళ్ళేటప్పుడు వాపువి, వచ్చేటప్పుడు అన్నవా? మా అమ్మ ఇప్పుడే లేచి తిరుగుతోంది. పో."

ముత్యాలు గుమ్మంలోంచి కదల్లేదు. చివరికి సింహాలమ్మే బయటికొచ్చి, కొడుకుని పైనుంచి కిందికి తడిమి చూసి, "గట్టిగానే ఉన్నాడు, వాపు మెత్తగా ఉంటుంది," అని లోపలికి రానిచ్చింది.

మళ్ళీ పరీక్ష చేసి డాక్టరమ్మ సంతోషించింది. "తాళం తెరుచుకుంది. దాచుకున్న ఇనుమంతా బయటికొచ్చి ఒళ్ళంతా తిరుగుతోంది. వచ్చే నెల ఇంకోసారి తీసుకురండి, మొహంలోకి రంగొచ్చిందో లేదో చూస్తాను."

ఇంటికి వస్తుంటే దారిలో సన్నగా తుంపర మొదలైంది. అన్నదమ్ములు మొహమొహాలు చూసుకున్నారు. ఇనుము ఇప్పుడు బయట ఉంది. పైన వాన.

"తుప్పు పడుతుంది," అన్నాడు అప్పలకొండ.

ఉన్న ఒక్క తల్లీ తుప్పుపట్టిపోతే ఏం కాను. గొడుగు అక్కడే పారేసి, తల్లిని ఎత్తుకుని ఇంటికి పరుగెత్తారు.

మరుసటి నెల డాక్టరమ్మ తలెత్తి చూసేసరికి, తలనుంచి పాదాలదాకా ఇనపగేట్లకి తుప్పు పట్టకుండా కొట్టే ఎర్ర పెయింటుతో సింహాలమ్మ ఎదురుగా నిలబడి ఉంది. కుర్చీకి అంటుతుందని కూచోలేదు.

డాక్టరమ్మ సింహాలమ్మ చెయ్యి తాకి, తన వేలికంటిన ఎరుపు చూసుకుంది. ఆవిడకి నచ్చలేదేమోనని ముత్యాలు ముందుకొచ్చాడు.

"ఇది ఒక్క కోటే డాక్టరమ్మా. రెండోది ఎండ కాశాక వేస్తాం."