ఆకుతోట దంపతుల మరణశాసనం

రాజులు ఏనుగుల మీదా, జనం ఎడ్లబండ్ల మీదా తిరిగే రోజుల్లో, అనగనగా ఆకులేరు అనే ఏటి ఒడ్డున తీగలపాడు అని ఒక ఊరు ఉండేది. ఆ ఊళ్ళో మాణిక్యం, పేరయ్య అనే భార్యాభర్తలు ఉండేవారు.

మాణిక్యం తన తండ్రికి ఒక్కతే కూతురు. ఆయన పోతూ పోతూ తన తమలపాకుల తోటను ఆమెకు ఇచ్చిపోయాడు. పేరయ్య ఇల్లరికం వచ్చినవాడు. అతను వచ్చేనాటికి ఆ తోట సగం ఎండిపోయి ఉంది. కాలవ తవ్వి ఏటి నీళ్ళు తెచ్చాడు. అవిసె మొక్కలు నాటి, ఒక్కొక్క తీగనూ వాటి మీదికి పాకించాడు. నాలుగేళ్ళలో తోట చల్లగా, చీకటిగా అల్లుకుపోయింది. ఆ పైన తన సొంత సంపాదనతో తోట పక్కనే జాగా కొని, చిన్న పెంకుటిల్లు కట్టాడు. ఇద్దరూ అందులోనే కాపురం ఉన్నారు.

వాళ్ళకు పిల్లలు కలగలేదు. మొదట్లో చాలా బాధపడ్డారు. పోనుపోను ఒకరికొకరు తోడు చాలుననుకున్నారు.

ఆ రాజ్యంలో ఒక కట్టుబాటు ఉండేది. పిల్లలు లేనివాళ్ళు ఏమీ రాసిపెట్టకుండా కన్నుమూస్తే, భార్య పుట్టింటి ఆస్తి తిరిగి ఆమె పుట్టింటివారికే పోతుంది. భర్త సంపాదించింది అతని అన్నదమ్ములకు పోతుంది. రాసిపెడితే మాత్రం రాసినట్టే జరుగుతుంది. అలా రాసినదాన్ని మరణశాసనం అనేవారు. ఇప్పుడు మనం వీలునామా అంటున్నాం.

ఒక ఏడు వాళ్ళ వీధిలోనే గానుగ ఆడించే సోమయ్య ఉన్నట్టుండి చనిపోయాడు. అతనికీ పిల్లలు లేరు. అతనూ ఏమీ రాయలేదు. కర్మకాండ ముగిసీ ముగియగానే అన్నదమ్ములు వచ్చి, ఇంటికీ గానుగకూ తాళాలు వేసి, ఎద్దును తోలుకుపోయారు. సోమయ్య భార్య రవణమ్మ బట్టల మూట పక్కన పెట్టుకుని తన అరుగు మీదే పరాయిదానిలా కూర్చుంది. మాణిక్యం వెళ్ళి ఆమెను చెయ్యి పట్టుకుని తన ఇంటికి తీసుకొచ్చింది. రవణమ్మ అప్పటినుంచీ వాళ్ళతోనే ఉండిపోయింది.

ఆ రోజు భోజనాల దగ్గర, మనం కూడా రాసిపెట్టుకుందామని మాణిక్యం భర్తతో అంది. పేరయ్య అన్నం కలపడం ఆపేశాడు. ఇద్దరమూ నిక్షేపంలా ఉంటే, చావు మాట ఇంట్లోకి ఎందుకు తెస్తావని కసిరాడు.

మరి కొన్నాళ్ళకు ఆమె చిన్నాన్న కొడుకు భద్రయ్య చూడవచ్చాడు. అతని తోట ఆ పక్కదే. గట్టు మీద నిలబడి, ఈ గట్టు తీసేస్తే రెండు తోటలూ ఒకటైపోతాయి కదా అన్నాడు. భద్రయ్య చెడ్డవాడు కాడు. ఎప్పటికైనా అది తమకే వస్తుందని చిన్నప్పటినుంచీ వింటూ పెరిగాడు, అంతే. అతను వెళ్ళాక మాణిక్యం రెండోసారి అడిగింది. ఈసారి పేరయ్యకు రోషం వచ్చింది. ఇల్లరికపు అల్లుడు మామగారి తోట రాయించుకున్నాడని నలుగురూ అంటారనీ, ఆ మాట పడలేననీ చెప్పి తోటలోకి వెళ్ళిపోయాడు.

వానాకాలంలో మాణిక్యం జ్వరపడింది. వైద్యుడు కషాయం ఇచ్చి, దేవుడి మీద భారం వెయ్యమన్నాడు. రవణమ్మ కాళ్ళ దగ్గర, పేరయ్య తల దగ్గర కూర్చున్నారు. మాణిక్యం మూడోసారి అడిగింది. పేరయ్య తల దించుకున్నాడు.

"నా చావు గురించి కాదండీ నేనడిగేది," అంది మాణిక్యం. "నేను పోయిన మర్నాడు పొద్దున మీరు లేచి ఏ తోటలోకి వెళ్తారు? అది తెలియకే నాకు కన్ను మూతపడడం లేదు."

పేరయ్య లేచాడు. కండువా భుజాన వేసుకుని, వానలోనే కరణం ఇంటికి నడిచాడు.

కరణం తాటాకులూ గంటమూ తీసుకుని వచ్చాడు. కాని మాణిక్యం చాటుగా రాయించనంది. ఊరి పెద్దలనూ, భద్రయ్యనూ కూడా పిలిపించింది. మంచం మీదే దిండుకు ఆనుకుని కూర్చుని, అందరూ వినేలా చెప్పింది. తన తర్వాత తోట భర్తది. అతను బతికి ఉన్నంతకాలం ఎవరూ అతన్ని కదిలించకూడదు. ఇద్దరి తర్వాతా అది భద్రయ్య పిల్లలది.

భద్రయ్య మొహం ఎర్రబడింది. "అది మన తాతగారి తోట అక్కా. బయటివాడి చేతికి ఎలా ఇస్తావు?" అన్నాడు.

"తాతగారిదే తమ్ముడూ. ఎండిపోతే బతికించింది మీ బావ. నీ పిల్లలకు అది పచ్చగా అందాలంటే, అంతవరకూ ఆయన చేతిలో ఉండడమే మంచిది."

భద్రయ్య గుమ్మంలోంచి తోట వైపు చూశాడు. చివరికి సాక్షి సంతకం చేశాడు.

కరణం లేవబోతుంటే మాణిక్యం ఆగమంది. మీరూ రాయాలి కదా అని భర్తతో అంది. పేరయ్య నవ్వాడు. తాను దుక్కలా ఉన్నాననీ, రాయడానికి తనకున్నది నాలుగు గోడలేననీ అన్నాడు. ఆ నాలుగు గోడల మధ్యే కదా నేనుండేది అంది మాణిక్యం. సరే, ఆమె ముచ్చట తీరుద్దామని, తన తర్వాత ఇల్లు భార్యదేననీ, ఆమె ఎవరికి ఇచ్చుకున్నా తనకు సమ్మతమేననీ రాయించాడు.

మాణిక్యం జ్వరం తగ్గింది. ఏళ్ళు గడిచాయి. ఆ తాటాకుల సంగతి ఎవరికీ పట్టలేదు.

ఒక ఎండాకాలం తీగలు కడుతూ కడుతూ పేరయ్య గుండె పట్టుకుని కూర్చున్నాడు. మళ్ళీ లేవలేదు. మాణిక్యమే ముందు పోతుందని ఊరంతా అనుకుంది. ముందు పోయింది అతను.

అతని అన్నలిద్దరూ దూరపు ఊరినుంచి వచ్చారు. తమ్ముడు బతికుండగా ఒక్కనాడూ ఆ గుమ్మం తొక్కినవాళ్ళు కారు. కర్మలు అయ్యాక, కట్టుబాటు ప్రకారం ఇల్లు తమదని నెమ్మదిగానే అడిగారు. మాణిక్యం శాసనం చూపించింది. వాళ్ళు నమ్మలేదు. తగవు రాజుగారి కొలువుకు వెళ్ళింది.

కరణం తాటాకు చదివాడు. పెద్దన్న చేతులు జోడించి, "ప్రభూ, పెళ్ళాం పోరు పడలేక రాసి ఉంటాడు. అది మా తమ్ముడి మనసులో మాట కాదు," అన్నాడు.

పేరయ్య చెబుతుండగా చెవులారా విన్నవారెవరని రాజు అడిగాడు.

భద్రయ్య ముందుకు వచ్చాడు. "నేను విన్నాను ప్రభూ. ఆ రోజు మా అక్క మీద నాకు కోపంగా ఉంది. అందుకే ప్రతి మాటా గుర్తుంది. మా బావ నవ్వుతూ చెప్పాడు. ఆయన్ని ఎవరూ బలవంతపెట్టలేదు."

ఇల్లు మాణిక్యానిదేనని రాజు తీర్పు చెప్పాడు. అన్నలు తమ ఊరికి వెళ్ళిపోయారు.

మాణిక్యం ఇంటికి వచ్చి తలుపు తీసింది. భర్త పోయినప్పుడు రాని ఏడుపు అప్పుడు వచ్చింది. "ఆయనకు నీడ ఉండాలని అడిగాను రవణమ్మా," అంది. "ఆయన నాకు నీడ ఇచ్చి వెళ్ళారు." రవణమ్మ పక్కన కూర్చుని వీపు నిమిరింది.

మనసు కుదుటపడ్డాక మాణిక్యం మళ్ళీ కరణాన్ని పిలిపించింది. తోట మాట రాసి ఉంది, ఇంటి మాట మిగిలింది. తన తర్వాత అది రవణమ్మదని ఊరందరి ముందూ రాయించి, భద్రయ్య చేతనే సాక్షి సంతకం పెట్టించింది. తరవాత ఆడవాళ్ళిద్దరూ ఆ ఇంట్లో చాలాకాలం నిశ్చింతగా బతికారు.

కాబట్టి పిల్లలూ, మనవాళ్ళ మీద మనకు ప్రేమ ఉంటే సరిపోదు. ముందు ఎవరు పోతారో ఎవరికీ తెలియదు గనుక, ఉన్నవాళ్ళకు నిలువ నీడ ఉండేలా, మన నోట మాట ఉన్నప్పుడే, అందరూ వినేలా చెప్పి రాసిపెట్టాలి.